ఆ చప్పట్లు మనవి కాకూడదు

సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన నా తరం మిత్రులకు,

నమస్కారం.

బడి తెరిచిన మొదటి వారం మా ఇంట్లో నోటుపుస్తకాలకు అట్టలు వేయడం పెద్ద కార్యక్రమం. మీ ఇళ్ళలోనూ అంతే అయి ఉంటుంది. ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితం నునుపుగా, దళసరిగా ఉండేది. ఏడాది చివరిదాకా చిరగకుండా నిలిచేది. ఆరో తరగతిలో నా లెక్కల పుస్తకానికి పడిన అట్ట మీద తెల్లని దుస్తుల్లో ఒక అమ్మాయి కాలి బొటనవేలి కొస మీద నిలబడి ఉంది. మనిషి అలా ఎలా నిలబడగలదో అర్థంకాక ఏడాదంతా ఆ బొమ్మనే చూశాను. భిన్నాలు ఆ ఏడు సరిగా వంటబట్టలేదు గానీ ఆ బొమ్మ ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను, చవకగా దొరికిన గట్టి అట్టల పుస్తకాలు, తెరవగానే వచ్చే ఆ వాసన, ఇవన్నీ మీకు నేను గుర్తుచేయనక్కరలేదు. ఆ దేశం మీద, ఆ కళ మీద నాకున్న ప్రేమ మీకున్నదాని కంటే తక్కువ కాదని ముందే చెప్పుకోవడానికే ఇదంతా. ఎందుకంటే మొన్నటి సమావేశంలో మీలో కొందరికి నా మాట అలా వినిపించలేదు.

జరిగింది ఇంతే. మనలో ఒకరి కూతురు గల్ఫ్‌లో ఉంటుంది. వాళ్ళ ఊరికి ఎప్పుడైనా రష్యా నుంచి పెద్ద బ్యాలే బృందం వస్తే మనవరాలిని తీసుకువెళ్ళాలని, ఆ పాపకు అది జన్మకంతటికీ గుర్తుండిపోతుందని ఆయన మురిసిపోతూ చెప్పారు. వచ్చేది ప్రభుత్వ బృందమైతే నేనైతే వెళ్ళనన్నాను. “కళను కూడా వీసా అడుగుతారా?” అని ఒకరు. “రష్యా చమురు కొనవచ్చు గానీ నాట్యం చూడకూడదా?” అని మరొకరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక తోచింది, దాన్నే ఈ లేఖలో పెడుతున్నాను.

ఉక్రెయిన్ మీద యుద్ధం సాగుతున్నంత కాలం రష్యా ప్రభుత్వ బ్యాలే బృందం ఏ దేశానికి ప్రదర్శనకు వచ్చినా ఆ టికెట్టు కొనకండి. నేను అడిగేది ఇదొక్కటే. పాతకాలపు రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీని వినవద్దని అనడం లేదు. రష్యన్ పేరున్న నర్తకులందరినీ తరిమెయ్యమనీ అనడం లేదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లనే మన వాదన ఆ రోజు ఎటూ తేలలేదు.

మాస్కోలోని బోల్షోయ్ థియేటర్ సంగతే తీసుకోండి. 1776లో మొదలైన సంస్థ. దానిది రష్యా ప్రభుత్వ జీతం, డైరెక్టర్ నియామకం ప్రభుత్వ ఉత్తర్వు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన రోజుల్లో అప్పటి డైరెక్టర్ వ్లదీమిర్ ఊరిన్ సైనిక చర్య ఆపాలని కోరిన కళాకారుల లేఖ మీద సంతకం చేశారు. మెచ్చుకోవలసిందే, అయితే అదే మనిషి 2014లో క్రిమియా ఆక్రమణను సమర్థించిన లేఖ మీదా సంతకం చేశారు. రెండు సంతకాల మధ్య ఎనిమిదేళ్ళు. 2014 సంతకం వల్ల ఆయన కుర్చీకి ఏమీ కాలేదు. 2022 సంతకం పెట్టాక రెండేళ్ళు నిండకముందే, 2023 డిసెంబరు నాటికి, ఆ కుర్చీ వాద్యబృంద నాయకుడు వలేరీ గెర్గియెవ్‌కు వెళ్ళిపోయింది.

గెర్గియెవ్ ఎవరో సంగీతం తెలిసిన మీకు చెప్పనక్కరలేదు. 1996 నుంచీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్‌స్కీ థియేటర్ ఆయన చేతిలోనే ఉంది. 2008లో జార్జియాతో యుద్ధం ముగియగానే త్‌స్ఖిన్వాలీలో, 2016లో సిరియాలోని పల్మీరా శిథిలాల మధ్య కచేరీలు చేశారు. అంటే రష్యన్ సైన్యం వెళ్ళిన చోటికి వెనకాలే వాద్యబృందం వెళ్ళింది. 2022 మార్చి 1న మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆయన్ని తొలగించింది. అదే నెల 25న కళాకారులతో జరిగిన వీడియో సమావేశంలో, మారిన్‌స్కీ, బోల్షోయ్ రెండింటినీ ఒకే అజమాయిషీ కిందికి తెస్తే ఎలా ఉంటుందని పుతిన్ ఆయన్నే అడిగారు. ఏడాదిన్నర దాటాక అది జరిగింది. ఒక దేశపు రెండు మహా నాట్యసంస్థలు ఒక్క మనిషి చేతికి, ఆ మనిషి నేరుగా అధినేత నమ్మకానికి. మన దగ్గర ఏ అకాడమీ పదవికైనా ఇలాంటి నియామకం జరిగి ఉంటే మీరే ముందు పత్రికలకు ఉత్తరాలు రాసి ఉండేవారు.

ఇంకొకటి చెబుతాను, ఇది నన్ను బాగా బాధించింది. 2022 ఏప్రిల్‌లో బోల్షోయ్ ‘స్పార్టకస్’ ఆడి, వచ్చిన డబ్బును ఉక్రెయిన్‌లో చనిపోయిన రష్యన్ సైనికుల కుటుంబాలకు ఇస్తామంది. చనిపోయిన సిపాయి భార్యాబిడ్డల మీద నాకు ద్వేషం లేదు, వాళ్ళు ఎక్కడివారైనా అన్నం తినాలి. కానీ ఎంచుకున్న కథ చూడండి. సామ్రాజ్యం మీద తిరగబడిన బానిస కథ. ఖచతూర్యన్ సంగీతం, 1968లో గ్రిగరోవిచ్ కూర్చిన నాట్యం. మగ నర్తకులు వేదిక మీద గాలిలోకి లేస్తుంటే మన తరం గుండెలు కూడా లేచాయి. పక్క దేశం మీదికి సైన్యాన్ని పంపిన రాజ్యం అదే కథతో చందాలు పోగుచేసింది. రోమన్ సేనాపతి క్రాసస్ వచ్చి స్పార్టకస్ పాటకు తాళం వేసినట్టుంది.

సంస్కృతిని ఇలా వాడుకుంటున్నారని నేను ఊహించి చెప్పడం లేదు, వాళ్ళే చెప్పారు. హెర్మిటాజ్ మ్యూజియం డైరెక్టర్ మిఖాయిల్ పియత్రోవ్‌స్కీ 2022 జూన్‌లో ఒక రష్యన్ ప్రభుత్వ పత్రికతో మాట్లాడుతూ, విదేశాల్లో తమ ప్రదర్శనలు ఒక బలమైన సాంస్కృతిక దండయాత్ర అనీ, కావాలంటే దాన్నీ ఒక ‘ప్రత్యేక చర్య’ అనుకోవచ్చనీ అన్నారు. యుద్ధాన్ని యుద్ధమని అంటే జైలుపాలయ్యే దేశంలో ఆ యుద్ధానికి పెట్టుకున్న అధికారిక పేరే ‘ప్రత్యేక సైనిక చర్య’. ఆయనది చిత్రాల ప్రపంచం, బ్యాలే కాదు, నిజమే. అయినా విదేశీ పర్యటన దేనికి పనికొస్తుందో అంత విప్పి చెప్పినవారు మరొకరు లేరు.

ఇక చప్పట్ల సంగతికి వస్తాను. నాటకమైనా నాట్యమైనా చూసేవాళ్ళు లేకపోతే సగమే. కూచిపూడి భాగవతులు పందిరి వేసి దివిటీలు వెలిగించి, జనం కూర్చున్నాకే తెర పట్టేవారు. ప్రభుత్వ బృందం విదేశానికి వచ్చినప్పుడు ఈ సగానికి ఇంకా పెద్ద విలువ ఉంటుంది. వాళ్ళకు కావలసింది మన టికెట్టు డబ్బు కంటే మనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్న దృశ్యం. ఆ దృశ్యం ఆ రాత్రే మాస్కోకు వెళుతుంది. ‘చూశారా, మనల్ని వెలివేశారన్నది అబద్ధం, ప్రపంచం మనల్ని నెత్తిన పెట్టుకుంటోంది’ అని చెప్పడానికి పనికొస్తుంది. వేదిక మీది అమ్మాయికి ఆ ఉద్దేశం ఉండనవసరం లేదు. హాల్లో కూర్చున్న మీకూ ఉండనవసరం లేదు. మీ ముఖం మాత్రం ఆ దృశ్యంలో ఉంటుంది. నా ముఖం అందులో ఉండకూడదన్నదే నా పట్టుదల.

కూచిపూడి పేరు ఎత్తాను కాబట్టి మాచుపల్లి కైఫియత్తులోని (ఆ ఊరి పాత చరిత్ర రికార్డులోని) కథ గుర్తుచేస్తాను. 16వ శతాబ్దం తొలినాళ్ళ మాట. భాగవతుల మేళం ఊరూరా తిరుగుతూ సిద్ధవటం సీమకు వెళ్ళింది. అక్కడ సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళను పెడుతున్న హింస కళ్ళారా చూసింది. అక్కడ నోరు మెదపలేదు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట కేళిక కట్టి, అందులో ఒకరు గురవరాజు వేషం, ఒకరు ఆ బాధ పడే స్త్రీ వేషం వేసి ఆడారు. రాయలు సంగతి గ్రహించాడు, సైన్యాన్ని పంపాడు, గురవరాజు తల తెగింది. ఈ కథను మనం తిరిగే కళాకారుల ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. వాళ్ళు ఆ మాట సిద్ధవటంలో అనలేదు, పొలిమేర దాటాకే అన్నారు. అక్కడే అని ఉంటే మేళంలో ఒక్కరూ మిగిలేవారు కారు.

అందుకే రష్యాలో ఉన్న నర్తకులను ‘యుద్ధాన్ని ఖండించు, అప్పుడే నీ నాట్యం చూస్తాం’ అని నిలదీయడం నాకు నచ్చదు. 2022 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ళ దాకా జైలు. యుద్ధానికి వ్యతిరేకంగా కవితలు రాసిన రంగస్థల దర్శకురాలు యెవ్‌గేనియా బెర్కోవిచ్‌నూ, నాటక రచయిత్రి స్వెత్లానా పెత్రీచుక్‌నూ ఒక నాటకం సాకుగా 2023 మేలో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది ‘ఉగ్రవాదాన్ని సమర్థించారు’ అనే నేరం మీద చెరి ఆరేళ్ళ శిక్ష వేశారు. ఆ నాటకం నిజానికి ఉగ్రవాదుల వలలో పడే ఆడవాళ్ళ గురించి హెచ్చరించేది. ఇలాంటి చోట ‘స్వాన్ లేక్’ బ్యాలేలో హంసల గుంపులో పదిహేడో హంసగా నిలబడే ఇరవై ఏళ్ళ అమ్మాయి నోటి నుంచి ప్రకటన రాబట్టాలనుకోవడం క్రూరత్వం. మాట్లాడితే జైలు, మాట్లాడకపోతే బహిష్కరణ అంటే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? సంస్థ పిలుపును కాదనడం ఇందుకే మెరుగు. అందులో ఎవరి మనసునూ సోదా చెయ్యనక్కరలేదు.

పొలిమేర దాటినవాళ్ళూ ఉన్నారు. బోల్షోయ్ అగ్ర నర్తకి ఓల్గా స్మిర్నోవా 2022 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి డచ్ నేషనల్ బ్యాలేలో చేరారు. రష్యాను చూసి సిగ్గుపడే రోజు వస్తుందనుకోలేదని రాశారు. ఆమె తాత ఒకరు ఉక్రెయిన్‌వారు. బ్యాలేలు కూర్చే అలెక్సీ రత్‌మాన్‌స్కీ కీవ్‌లో పెరిగి మాస్కోలో నాట్యం నేర్చి, 2004 నుంచి 2008 దాకా బోల్షోయ్ బ్యాలేకు నాయకత్వం వహించారు. యుద్ధం మొదలైన రోజు మాస్కోలోనే కొత్త బ్యాలే సాధన చేయిస్తున్నారు. పని సగంలో వదిలి ఆ రోజే బయలుదేరి వెళ్ళిపోయారు. తర్వాత అక్కడ ఆయన కూర్చిన బ్యాలేల పోస్టర్ల మీద ఆయన పేరే తీసేశారు. నాట్యం ఆయనది, పేరు లేదు. కళకు సరిహద్దులుండవని నాకు పాఠం చెప్పినవాళ్ళు ఈ గీత గీసింది ఎవరో చూడండి.

స్మిర్నోవా ఎక్కడ ఆడినా వెళ్ళండి, ముందు వరుసలో కూర్చోండి. ఆమె రష్యనే. మన బహిష్కరణ జాతి మీద కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

దీనికి అటు వైపు ఉన్నవాళ్ళు స్వెత్లానా జఖారోవా వంటివారు. పుట్టింది ఉక్రెయిన్‌లోని లుత్స్క్‌లో. మహా నర్తకి, ఆ మాట కాదనే ధైర్యం నాకు లేదు. అయితే ఆమె పుతిన్ పార్టీ తరఫున రష్యన్ పార్లమెంటులో కూర్చున్నారు, 2014లో క్రిమియా విషయంలో ఆయన్ని సమర్థించారు. 2024 ఏప్రిల్‌లో సియోల్‌లో ఆమె నర్తించాల్సిన ప్రదర్శన ఉక్రెయిన్ రాయబార కార్యాలయం అభ్యంతరం చెప్పాక రద్దయింది. నాట్యం వేరు రాజకీయం వేరు అనే వాదన ఆమెకు వర్తించదు, ఆ రెండింటినీ కలిపింది ఆమే.

బహిష్కరణ మూర్ఖంగా చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2022 మార్చిలో వేల్స్‌లోని కార్డిఫ్ ఫిల్హార్మోనిక్ తన కార్యక్రమం నుంచి చైకోవ్‌స్కీ సంగీత రచన ‘1812’ను తీసేసింది. మిలాన్‌లో ఒక విశ్వవిద్యాలయం దస్తయేవ్‌స్కీ మీద ఉపన్యాసాలను వాయిదా వేసి, గోల జరిగాక నాలుక కరుచుకుంది. పుతిన్ ఆ నెల 25న, నేను పైన చెప్పిన ఆ సమావేశంలోనే, వీటిని పట్టుకుని రష్యా సంస్కృతినే తుడిచేస్తున్నారని చెప్పుకొచ్చారు. ఆయన చేతికి కర్ర మనమే అందించినట్టయింది. 1881లో చనిపోయిన దస్తయేవ్‌స్కీ 2022 యుద్ధానికి ఎలా జవాబుదారీ?

ఈ తేడా మన పెద్దలకు బాగా తెలుసు. వందేమాతరం రోజుల్లో, ఆ తర్వాత సహాయ నిరాకరణలో మన ఊళ్ళలో విదేశీ బట్టలు కుప్పలు పోసి తగలబెట్టారు. 1928లో సైమన్ కమిషన్ వస్తే మద్రాసులో టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకీకి ఛాతీ చూపించారు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి షేక్‌స్పియర్ చదువుకున్నవాళ్ళు ఆ ఊరేగింపులో లేరంటారా? వాళ్ళు కాదన్నది సామ్రాజ్యం ముద్ర వేసి పంపిన సరుకును, సామ్రాజ్యం నియమించి పంపిన కమిషన్‌ను. ఇంగ్లీషు కవిత్వాన్ని ఎవరూ కాదనలేదు. చైకోవ్‌స్కీ మన షేక్‌స్పియర్ అనుకోండి. గెర్గియెవ్ సంతకంతో వచ్చే బృందం మాత్రం సైమన్ కమిషన్ వంటిది.

అయితే ఉక్రెయిన్‌వాళ్ళు చైకోవ్‌స్కీని కూడా వినలేమంటే వాళ్ళకు నేను ఉపన్యాసం ఇవ్వను. అప్పటి సాంస్కృతిక మంత్రి ఒలెక్సాండ్ర్ త్కచెంకో 2022 డిసెంబరులో యుద్ధం ముగిసేదాకా రష్యన్ సంగీతాన్ని పక్కన పెట్టమని ప్రపంచాన్ని కోరారు. అందులో చైకోవ్‌స్కీ వరకూ నేను ఒప్పుకోను. కీవ్‌లోని నేషనల్ ఒపేరా ఆ శీతాకాలం పిల్లల కోసం చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ బదులు ‘మంచు రాణి’ ఆడింది. సైరన్ మోగితే ప్రేక్షకులు బంకర్‌లోకి దిగేవారు. ఆ థియేటర్ సోలో నర్తకుడు అర్త్యోమ్ దత్సిషిన్ యుద్ధం మొదట్లో గుండ్ల దాడిలో గాయపడి మూడు వారాలకు చనిపోయారు. అక్కడే ఏళ్ళ తరబడి ప్రధాన పాత్రలు ధరించిన ఒలెక్సాండ్ర్ షపోవాల్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరి ఆ సెప్టెంబరులో దొనెత్స్క్ ప్రాంతంలో ప్రాణం వదిలారు. ఆక్రమణలో ఉన్న ఖేర్సోన్‌లో యూరీ కెర్పతెంకో అనే వాద్యబృంద నాయకుడు, అంతా ప్రశాంతంగా ఉందని చూపడానికి రష్యన్ అధికారులు తలపెట్టిన అక్టోబరు 1 కచేరీకి రానన్నందుకు ఇంట్లోనే కాల్చి చంపారని ఉక్రెయిన్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ కచేరీ కూడా ఒక దృశ్యం కోసమే.

మారియుపోల్ నాటకశాల గురించి ఒక్క ముక్క. 2022 మార్చి 16న దాని మీద బాంబు పడింది. లోపల వందల మంది తలదాచుకుని ఉన్నారు. పైనుంచి విమానాలకు కనపడేలా భవనానికి రెండు వైపులా నేల మీద రష్యన్ భాషలోనే ‘పిల్లలు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంచారు. చనిపోయినవారు కనీసం డజను మంది అని ఆమ్నెస్టీ, 600 వరకూ ఉండవచ్చని అసోసియేటెడ్ ప్రెస్ లెక్కగట్టాయి. రంగస్థలాన్ని నమ్ముకుని బతికే బృందాన్ని అదే రాజ్యం పంపితే, మరో రంగస్థలం దాన్ని పూలతో ఆహ్వానించడం నాకు మింగుడుపడదు.

“ఇరాక్ మీద అమెరికా పడినప్పుడు అమెరికన్ బృందాలను ఆపామా?” అని మీరు అడుగుతారు. ఆపలేదు. ఆపి ఉండవలసిందేమో కూడా. ఐరోపా వాళ్ళ నీతి గురివింద గింజ వాటమని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ నిన్న ఒక తప్పుకు నోరు విప్పలేదు కాబట్టి ఈ రోజు కూడా విప్పకూడదంటే ఏ తప్పుకూ ఎప్పటికీ విప్పలేం. మన దేశం ఈ విషయంలో తలదించుకోనక్కరలేదు. జాతివివక్ష మీద నిరసనగా దక్షిణాఫ్రికాతో 1946లోనే వ్యాపారం తెంచుకున్నాం. 1974లో డేవిస్ కప్ ఫైనల్ దాకా వచ్చి, అవతల ఉన్నది దక్షిణాఫ్రికా కాబట్టి ఆడకుండా కప్పు వదిలేశాం. ఆ దక్షిణాఫ్రికా జట్టులోని టెన్నిస్ ఆటగాడు ఏ పాపం చేశాడని ఆనాడు మనలో ఎవరూ అడగలేదు, గర్వపడ్డాం.

చమురు మాట నిజంగానే గట్టి దెబ్బ. కొంటున్నాం, లాభపడుతున్నాం, ఐక్యరాజ్యసమితిలో 2022 మార్చి 2న 141 దేశాలు ఖండించినప్పుడు ఓటు వేయకుండా ఊరుకున్న 35 దేశాల్లో మనమూ ఉన్నాం. పెట్రోలు బంకులో ఆ చుక్క ఏ దేశపు బావిదో ఎవరూ మనకు చెప్పరు. చెప్పినా మన మాట చెల్లదు. థియేటర్ టికెట్టు అలాంటిది కాదు. దాన్ని నేను కోరి, నా డబ్బుతో, నా సాయంత్రం ఖర్చుపెట్టి కొంటాను. దేశం చేసే పనులన్నింటి మీదా నాకు అధికారం లేకపోయినా నా సాయంత్రం మీద ఉంది. ఇక ఈ యుద్ధం మనకు ఏమిటన్న వాళ్ళకు ఒకటే చెబుతాను. ఆపరేషన్ గంగలో 20 వేలకు పైగా మనవాళ్ళు తిరిగి వచ్చినప్పుడు వాళ్ళలో వందల మంది తెలుగు వైద్య విద్యార్థులు. 2024 మార్చిలో, ఉద్యోగమని ఏజెంట్లు ఆశపెట్టి తీసుకెళ్ళిన ఒక హైదరాబాద్ యువకుడు రష్యన్ సైన్యం తరఫున ఆ యుద్ధంలో చనిపోయాడు. మాస్కోలోని మన రాయబార కార్యాలయమే ఆ మాట ధ్రువపరచింది.

ఒకసారి తలుపు మూస్తే ఇక ఎప్పటికీ తెరుచుకోదని భయపడేవాళ్ళకు 1956 సంగతి. ఆ అక్టోబరులో బోల్షోయ్ మొదటిసారి లండన్ వెళ్ళింది. సోవియట్ క్రీడాకారిణి ఒకరు ఆక్స్‌ఫర్డ్ వీధి దుకాణంలో అయిదు టోపీలు దొంగిలించారన్న కేసు వల్ల ఆ పర్యటన ఆగిపోతుందేమోనని చివరిదాకా గందరగోళం. నలభై ఆరేళ్ళ బోల్షోయ్ నర్తకి గలీనా ఉలానోవా వేదికెక్కితే లండన్ మైమరచిపోయింది. నెల తిరక్కముందే సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వెళ్ళాయి. బదులుగా మాస్కో వెళ్ళాల్సిన బ్రిటిష్ బృందం ప్రయాణం మానుకుంది. దానివల్ల బ్యాలే చచ్చిపోలేదు. 1961లో వాళ్ళు రష్యా వెళ్ళారు, లెనిన్‌గ్రాడ్ వాళ్ళు లండన్ వచ్చారు. అదే ఏడు ఆ లెనిన్‌గ్రాడ్ బృందంలోని నర్తకుడు నురేయెవ్ పారిస్ విమానాశ్రయంలో కాపలాదారుల చేతుల్లోంచి జారుకున్నాడు.

1956లో మరో బోల్షోయ్ నర్తకి మాయా ప్లిసెత్‌స్కయాను లండన్ పంపలేదు. పారిపోతుందని అనుమానం. అంతకు ముందు ఆమె మన దేశానికి వచ్చి ఆడి వెళ్ళింది కూడా. ఆమె తండ్రిని 1938లో కాల్చేశారు, తల్లిని పసిబిడ్డతో సహా శిబిరానికి పంపారు. మన అట్టల మీద ఆ బొమ్మలు అచ్చు వేసినవాళ్ళు ఈ సంగతులు అచ్చు వేయలేదు. నా లెక్కల పుస్తకం మీది అమ్మాయి ప్లిసెత్‌స్కయాయేనేమో నాకు తెలియదు. అయి ఉన్నా ఆ తండ్రి గురించి ఆరో తరగతి పిల్లకు ఎవరు చెబుతారు? ఇప్పుడు మనం ఆరో తరగతిలో లేము.

పోస్టరు మీద ‘మాస్కో’ అనో ‘రాయల్ రష్యన్’ అనో కనిపించగానే మొహం తిప్పుకొమ్మని కూడా అనను. ఆ పేర్లు చాలావరకు టికెట్లు అమ్ముకునే ఎర. అలాంటి ప్రైవేటు బృందాల్లో ఉక్రెయిన్, మోల్డోవా, కజఖ్‌స్తాన్ పిల్లలు పొట్ట చేతపట్టుకుని ఆడుతుంటారు. 2022లో బ్రిటన్, ఐర్లండ్ థియేటర్లు కంగారులో అన్నింటినీ ఒకే తీరున రద్దు చేశాయి. కొన్నింటి విషయంలో అది న్యాయం కాదని నా అభిప్రాయం. జీతం ఎవరిస్తారు, బృందాన్ని ఎవరు పంపారు అని అడిగితే చాలు, సగం సందేహాలు తీరిపోతాయి. సమాధానం రష్యా ప్రభుత్వమైతే వద్దు. ఎవరో పేద నిర్వాహకుడైతే మీ ఇష్టం.

ఇది యుద్ధాన్ని ఆపుతుందా? ఆపదు. ఖాళీ కుర్చీకి జడిసి ఏ ట్యాంకూ వెనక్కి తిరగదు. సైన్యం ఇంటికి వెళ్ళాక, తాము చేసిందేమిటో ఆ దేశం తనకు తాను చెప్పుకోవడం మొదలుపెట్టాక, నేనే మొదటి టికెట్టు కొంటాను. మోకాళ్ళు సహకరిస్తే మాస్కో వెళ్ళి మరీ చూస్తాను.

అప్పటిదాకా ఆ పాపకు ఏం చెప్పాలో ఆమె తాతగారికి ఒక సలహా. యుద్ధం నుంచి బయటపడి నెదర్లండ్స్‌లో గుమిగూడిన ఉక్రెయిన్ నర్తకుల కోసం రత్‌మాన్‌స్కీ 2022లో ‘గిసెల్’ను కొత్తగా కూర్చారు. హేగ్‌లో ఒక పాత సంగీత కళాశాల భవనంలో ఉంటూ సాధన చేశారు వాళ్ళు. లండన్‌లో ఆడినప్పుడు చూసే అదృష్టం నాకు దక్కింది. చివర్లో వేదిక మీదికి వాళ్ళ జెండా వచ్చింది. ఇదీ దేశం కోసం నాట్యాన్ని వాడుకోవడమే కదా అని నా పక్కనున్న మా అబ్బాయి అన్నాడు. అవును, అదే. కానీ ఈ జెండా పట్టుకున్నవాళ్ళ ఇళ్ళ మీద బాంబులు పడుతున్నాయి, వాళ్ళు ఎవరి ఇళ్ళ మీదికీ వెళ్ళలేదు. నాకు లేచి నిలబడటానికి సంకోచం కలగలేదు.

వీసా మాట అన్న మిత్రుడికి ప్రత్యేకంగా ఒక మనవి. ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి. ఆ ‘గిసెల్’ గురించి నాకు గుర్తున్నంత చెబుతాను, ఉలానోవా పాత నలుపు తెలుపు చిత్రం ఒకటి కలిసి చూద్దాం. పకోడీలు వేయిస్తాను. మిగిలిన పోట్లాట ఆ తర్వాత.

మీలో ఒకరు,
‘సోవియట్ భూమి’ అట్టల తరం